ఆరో నెల, నెల రోజుల అల్లిక అనుభవం: పుట్టబోయే బిడ్డకు ఏది అల్లాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఆరో నెల నడుస్తోంది, జనవరి మొదటి వారంలో కాన్పు. ఉండేది హైదరాబాదులో, తొమ్మిదో నెలలో రాజమండ్రి పుట్టింటికి వెళతారు. అల్లిక మొదలుపెట్టి నెల అయింది, ఇంతవరకు ఒక మఫ్లరు పూర్తి చేశారు. బిడ్డకు పెద్ద దుప్పటి, ఒక స్వెటరు అల్లాలని ఉంది. అత్తగారేమో పుట్టకముందు బిడ్డకని ఏదీ సిద్ధం చేయకూడదంటున్నారు. ఏది అల్లాలి, ఏ ఊలు కొనాలి, ఆవిడకు ఏమి చెప్పాలి?

ముందు సూటిగా సమాధానం. దుప్పటి వద్దు. ఒక టోపీ అల్లండి. అది బాగా వస్తే రెండో టోపీ. స్వెటరు అల్లాలనే పట్టుదల ఉంటే పుట్టిన బిడ్డ కొలతకు కాకుండా వచ్చే డిసెంబరు చలికి, అంటే పదకొండు నెలల బిడ్డ కొలతకు, చేతులు లేనిది అల్లండి. ఊలు విషయంలో మన ఎండలకు నూలు దారమే మేలు. అత్తగారి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, కింద రాస్తాను.

దుప్పటి ఎందుకు వద్దన్నానో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. డబుల్ నిట్టింగ్ అనే మధ్యరకం మందం దారంతో, 4 మిల్లీమీటర్ల సూదులతో అల్లితే పది సెంటీమీటర్లకు సుమారు 22 కుట్లు పడతాయి. 75 సెంటీమీటర్ల వెడల్పు కావాలంటే వరసకు 165 కుట్లు. 90 సెంటీమీటర్ల పొడవుకు, అన్నీ సీదా కుట్లే (ఇంగ్లీషులో నిట్; దానికి తిరగేసిన కుట్టు ఉల్టా, అంటే పర్ల్) వేసే గార్టర్ అల్లికలో, సుమారు 360 వరసలు. మొత్తం 59,400 కుట్లు. కొత్తగా నేర్చుకున్నవారు నిమిషానికి పదిహేను ఇరవై కుట్లకు మించి వేయలేరు. 18 అనుకుంటే 55 గంటలు. రోజుకు అరగంట చొప్పున నూటపది రోజులు. కాన్పుకు మీకున్నవి నూరు రోజులు, అందులో సీమంతం, ప్రయాణం, డాక్టరు దగ్గర పడిగాపులు అన్నీ ఉన్నాయి. ఊడిపోయిన కుట్లు, విప్పి మళ్ళీ అల్లిన వరసలు ఈ లెక్కలోకి రాలేదు. అదే టోపీ అయితే మొత్తం మూడు వేల కుట్లు. మూడు గంటల పని. శనివారం మొదలుపెడితే ఆదివారం సాయంత్రానికి చేతిలో ఉంటుంది.

ఇంకో సంగతి. అంత కష్టపడి అల్లినా ఆ దుప్పటిని పసిబిడ్డ నిద్రపోయేటప్పుడు కప్పకూడదు. ఏడాది లోపు పిల్లల పడకలో వదులుగా ఉండే దుప్పట్లు, దిండ్లు ఉండకూడదని అమెరికా శిశువైద్యుల అకాడమీ గట్టిగా చెబుతోంది. ముఖం మీదికి జారితే ఊపిరాడదు. నిద్రపోయే బిడ్డకు ఇంట్లో టోపీ కూడా తీసేయాలి, ఒళ్ళు అతిగా వేడెక్కుతుంది. టోపీ పనికొచ్చేది పుట్టిన తొలి గంటల్లో, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు, చలిగాలిలో బయటికి తీసుకెళ్ళేటప్పుడు. పసిబిడ్డ ఒంటితో పోలిస్తే తల పెద్దది, వేడి అక్కడినుంచి ఎక్కువ పోతుంది, అందుకే కాన్పు సంచిలో టోపీ పెట్టుకోమంటారు.

ఇక స్వెటరుకు పదకొండు నెలల కొలత ఎందుకు? నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని.

మావారిది రైల్వే ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో జబల్‌పూర్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. చలికాలం మధ్యాహ్నాలు ఆడవాళ్ళంతా నులక మంచాలు ఎండలోకి లాక్కుని అల్లుకుంటూ కూర్చునేవారు. పక్కింటి పంజాబీ ఆవిడ నాకు సీదా, ఉల్టా రెండూ ఒక్క పూటలో నేర్పింది. తప్పు వేస్తే మాట్లాడకుండా సూది లాగేసి మొత్తం విప్పేసేది. అప్పట్లో ఊలు లచ్చీలుగా వచ్చేది. మావారు రెండు చేతులూ చాచి లచ్చీ పట్టుకుంటే నేను ఉండ చుట్టేదాన్ని. ఆయన ఓర్పు ఎంతటిదో నాకు తెలిసింది అప్పుడే. పది నిమిషాలు.

1989 డిసెంబరులో, ఏడో నెలలో, పసుపు రంగు స్వెటరు పూర్తి చేశాను. పొడుగు చేతులు, గుండ్రటి మెడ, తలమీదుగా తొడిగేది. ఫిబ్రవరి నడిమధ్య కాకినాడలో పాప పుట్టింది. మొదటిసారి తొడగబోతే మెడ తల దగ్గరే ఆగిపోయింది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఛాతీ కంటే తలే కాస్త పెద్దగా ఉంటుందని, తల చుట్టుకొలత 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుందని నాకు తెలియదు. నేను మెడ కొలత చూసి మెడ అల్లాను. విప్పి, ముందుభాగం చీల్చినట్టు చేసి, అమ్మ చేత బొత్తాలు కుట్టించేసరికి మార్చి వచ్చింది. కాకినాడ మార్చి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఒక్క పూట తొడిగితే మెడ కింద చెమటకాయలు లేచాయి. మళ్ళీ చలికాలం వచ్చేసరికి ఆ స్వెటరు పాప మోచేతి దాకా కూడా ఎక్కలేదు.

అందుకే, అల్లబోయే ముందు బిడ్డ వయసును కాదు, కాలాన్ని లెక్క వేసుకోండి. మీ బిడ్డ జనవరిలో పుడితే రాజమండ్రిలో నెలా నెలన్నర పాటు తెల్లవారుజాము చలి ఉంటుంది, అంతే. దానికి టోపీ, నూలు బట్ట పొత్తిళ్ళు చాలు. ఆ తర్వాతి చలి డిసెంబరులో. అప్పటికి బిడ్డ ఛాతీ సుమారు 45 సెంటీమీటర్లు ఉంటుంది. వదులు కలుపుకుని 50 సెంటీమీటర్ల చుట్టుకొలతతో, భుజం దగ్గర బొత్తాలతో తెరుచుకునేలా, చేతులు లేని స్వెటరు అల్లితే దానికి నిజంగా పని ఉంటుంది. వెనక భాగం 25 సెంటీమీటర్లు, 55 కుట్లు. జనవరిలోపు పూర్తికాకపోయినా కొంప మునగదు, వచ్చే దసరా దాకా గడువుంది. అదిలాబాదులోనో లంబసింగి పక్కనో ఉండేవారైతే నేను వేరే మాట చెప్పేదాన్ని. మా అమ్మాయి తన బిడ్డను నవంబరులో టొరంటోలో కన్నప్పుడు మెరినో ఊలుతో పుట్టిన కొలతకే అల్లాను, అది మార్చి దాకా రోజూ ఒంటిమీదే ఉంది. చలిని బట్టి అల్లిక.

ఇప్పుడు టోపీ. ఇది మీ మఫ్లరు కంటే కష్టమేమీ కాదు.

ముందు నమూనా ముక్క అల్లండి. ఇది విసుగు పని అని నాకూ తెలుసు, నేనూ చాలాకాలం ఎగ్గొట్టాను. పైన చెప్పిన మందం దారం, 4 మిల్లీమీటర్ల సూదులతోనే 30 కుట్లు ఎక్కించి, ఒక వరస సీదా, ఒక వరస ఉల్టాగా పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు దాకా అల్లి, బల్లమీద పరచి, లాగకుండా, మధ్యలో పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. 22 వస్తే సరే. కొత్తవారు భయంతో దారం బిగించి పట్టుకుంటారు, 25 దాకా వస్తాయి. అప్పుడు 70 కుట్ల టోపీ 28 సెంటీమీటర్లే అవుతుంది, బిడ్డ నుదుటిమీద ఎర్రటి గీత పడుతుంది. వదులుగా అల్లి 20 వస్తే 35 సెంటీమీటర్లయి కళ్ళమీదికి జారుతుంది. కుట్లు ఎక్కువ వస్తే అర మిల్లీమీటరు లావు సూది తీసుకోండి, తక్కువ వస్తే అంత సన్నది. మీ చేతిని మార్చుకోవడానికి ప్రయత్నించకండి, అది మారదు.

కొలత కుదిరాక 70 కుట్లు ఎక్కించండి. రెండు సీదా, రెండు ఉల్టాగా రిబ్బు, అంటే సాగే అంచు, మూడు సెంటీమీటర్లు. వరస మొదట్లోనూ చివరా రెండు సీదాలే వస్తాయి, తిరుగు వరసలో, ముందు వరసలో సీదా వేసిన కుట్టుకు ఉల్టా, ఉల్టా వేసిన కుట్టుకు సీదా. రిబ్బు సాగుతుంది కాబట్టి తల అటూ ఇటూగా ఉన్నా సర్దుకుంటుంది. తర్వాత మామూలుగా ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా, మొదటినుంచి కొలిస్తే పద్నాలుగు సెంటీమీటర్లు వచ్చేదాకా. అప్పుడు సీదా వరసలో రెండేసి కుట్లు కలిపి అల్లండి, 35 మిగులుతాయి. ఒక వరస ఉల్టా. మళ్ళీ రెండేసి, చివర ఒకటి విడిగా, మొత్తం 18. దారాన్ని అర మీటరు వదిలి కత్తిరించి, మొద్దుసూదికి ఎక్కించి, ఆ 18 కుట్లలోంచి పోనిచ్చి లాగితే నడినెత్తి ముడుచుకుంటుంది. అదే దారంతో పక్క అంచులు కలిపి కుట్టేయండి. ఇరవై, పాతిక గ్రాముల దారం పడుతుంది. 50 గ్రాముల ఉండలో రెండు టోపీలు వస్తాయి.

ఊలు సంగతి. మన దుకాణాల్లో బిడ్డల ఊలని అమ్మేది చాలావరకు అక్రిలిక్కే. మెత్తగా ఉంటుంది, చవక, ఉతికినా చెడదు. కాని చెమటను పీల్చదు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. పురిటి గదిలో సాంబ్రాణి ధూపం వేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ మాట ప్రత్యేకించి చెబుతున్నాను. సికింద్రాబాదు జనరల్ బజారు చుట్టుపక్కల దారాల దుకాణాల్లో నూలు దారం అడగండి. దుకాణదారు మాట మీద నమ్మకం లేకపోతే రెండు అంగుళాల ముక్క తెచ్చి మీవారి చేత పట్టకారుతో పట్టించి కాల్పించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. అసలు ఊలు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఒక ఇబ్బంది మాత్రం ఉంది, నూలు ఊలులా సాగదు, అల్లేటప్పుడు వేళ్ళు త్వరగా అలిసిపోతాయి. నూగు నూగుగా ఉండే దారం ఎంత ముద్దుగా కనిపించినా కొనకండి, ఆ నూగు బిడ్డ నోట్లోకి, ముక్కులోకి పోతుంది.

భద్రత గురించి ఇంకొన్ని మాటలు, వీటిలో బేరం లేదు. గడ్డం కింద కట్టే రిబ్బన్లు, తాళ్ళు వద్దు. టోపీకి పూసలు, ఊలు బంతులు వద్దు. చేతి తొడుగులు, మేజోళ్ళు అల్లితే లోపలి వైపు తిప్పి దారపు కొసలన్నీ లాగి చూడండి. ఊడిన దారం పసివేలికి చుట్టుకుంటే బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు, లోపల వేలికి రక్తం ఆగిపోతుంది. కారణం తెలియని ఏడుపు ఆగకపోతే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూడాలని మా పంజాబీ ఆవిడ చెప్పేది, డాక్టర్లూ అదే చెబుతారు. పెద్ద పెద్ద రంధ్రాలుండే అల్లికలు కూడా ఇందుకే పనికిరావు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. ఇంట్లో ఎవరో పెద్దవాళ్ళు మీకు పాత ఊలు బట్టలు ఇస్తారు, వాళ్ళ పిల్లలవి, పెట్టెలో దాచినవి. కలరా ఉండలు వేసి దాచిన బట్టలను పసిబిడ్డకు తొడగకండి. వాటిలోని నాఫ్తలీన్ వల్ల జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డల్లో ఎర్ర రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు వస్తాయి. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చూసి చెప్పలేం. మీరు అల్లినవి దాచుకోవడానికి బాగా ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో మూటకట్టి పెట్టండి, చాలు.

మీ చేతుల గురించి కూడా. చివరి మూడు నెలల్లో కొందరికి ఒంటికి నీరు పట్టి మణికట్టు దగ్గర నరం ఒత్తుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి, రాత్రిపూట ఎక్కువ. అల్లిక దాన్ని పెంచుతుంది. ఇరవై నిమిషాలకోసారి సూదులు కింద పెట్టి లేచి నడవండి. మోచేతుల కింద దిండు పెట్టుకోండి. తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి, వరస పూర్తి చేసి చెబుదామనుకోకండి. ఆ "ఇంకొక్క వరస" అనే జబ్బు అల్లికవాళ్ళందరికీ ఉంటుంది.

ఇక అత్తగారు.

ఆవిడ మాటను మూఢనమ్మకమని కొట్టేయకండి. మా అత్తగారిది నరసాపురం దగ్గర పల్లె, లేసు అల్లే కుటుంబం. ఆ ప్రాంతపు ఆడవాళ్ళకు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, కొక్కెం సూది, సన్న నూలు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత చేయి తిరిగిన మనిషి, నేను కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు నుంచి బిడ్డ పేరెత్తి ఒక్క కుట్టు వేయలేదు. నన్నూ వేయవద్దంది. నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత ఎప్పుడో తెలిసింది, మావారి కంటే ముందు ఇద్దరు పోయారట. ఒకరికి ముందుగా గౌనులు కుట్టి పెట్టుకుందట. ఆ గౌనులు ఏమి చేశావని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ తరంలో ఈ మాట అనే ప్రతి ఇంట్లో దాదాపు ఇలాంటిదేదో ఒకటి ఉంటుంది. పుట్టిన బిడ్డకు కొత్తది కాకుండా పెద్దవాళ్ళ పాత నూలు చీర మెత్తటి గుడ్డలు వాడడంలోనూ ఆ జంకు కొంత ఉంది. కొంత తెలివీ ఉంది లెండి, వంద ఉతుకులు ఉతికిన గుడ్డ కంటే మెత్తనిది లేదు.

మేము చివరికి చేసుకున్న ఒప్పందం ఇది. "బిడ్డకని అనకు. ఊరికే అల్లుతున్నానని అను" అన్నారు ఆవిడ. నేను అలాగే అన్నాను. ఊరికే అల్లాను. ఆవిడ పక్కనే కూర్చుని "ఊరికే" ఒక లేసు అల్లారు, ఎవరిదని అడిగితే ఎవరో అడిగారన్నారు. బారసాల నాడు ఆ లేసు ఉయ్యాల గుడ్డ అంచుకు కుట్టి ఉంది.

కాబట్టి మీరు అల్లే టోపీని మీ సంచిలోనే ఉంచుకోండి, నలుగురికీ చూపించకండి, వాట్సాప్‌లో పెట్టకండి. స్వెటరు ఎలాగూ వచ్చే ఏడాదికే కాబట్టి, ముక్కలుగా అల్లి కలపకుండా వదిలేయండి. కలపని స్వెటరు ఇంకా స్వెటరు కాదు, ఆవిడకూ అభ్యంతరం ఉండదు. ఆవిడకు అల్లిక వస్తే కుట్లు ఎలా మూయాలో చూపించమని అడగండి. వచ్చినా రాకపోయినా అడగండి. దుప్పటి మీద మరీ మనసుంటే బిడ్డ పుట్టాక, 44 కుట్ల చదరపు ముక్కలు, ఒక్కొక్కటి ఇరవై సెంటీమీటర్లు, ఇంట్లో సూది పట్టగలిగే అందరిచేతా అల్లించి కలపండి. పన్నెండు ముక్కలకు 60, 80 సెంటీమీటర్ల గుడ్డ అవుతుంది. బోర్లా పడే వయసుకు నేలమీద పరవడానికి పనికొస్తుంది.

గ్రహణం రోజు సూది పట్టవచ్చా అని చివర్లో అడిగారు. సూదికీ గ్రహణమొర్రికీ సంబంధం లేదు. పై పెదవి గర్భంలో రెండో నెలలోనే కలిసిపోతుంది, మీరు ఎప్పుడో ఆ గట్టు దాటారు. అయినా అత్తగారు ఆ మూడు గంటలు సూదులు పక్కన పెట్టమంటే పెట్టేయండి. మణికట్టుకు విశ్రాంతి.

నమూనా ముక్క అల్లాక పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో ఇక్కడ రాయండి. 22 కాకపోతే, సూది మార్చే వీలు లేకపోతే, టోపీకి ఎన్ని ఎక్కించాలో లెక్క వేసి చెబుతాను.